అందరిలో ఒకరు – సోదరి నివేదిత

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• సోదరి నివేదిత జీవితంలోని ముఖ్య ఘట్టాలను వరుసగా చెప్పగలుగుతారు.
• పరాయి దేశం నుంచి వచ్చిన స్త్రీ ఒక వీధి వారికి ఆత్మీయురాలు ఎలా అయిందో వివరించగలుగుతారు.
• 1899 నాటి కలకత్తా ప్లేగు రోజుల్లో ఆమె చేసిన పనిని మీ సొంత మాటల్లో రాయగలుగుతారు.
• మనకు సంబంధం లేని మనిషి కష్టంలో ఉన్నప్పుడు మనం ఏం చేయగలమో ఆలోచించగలుగుతారు.

ప్రస్తావన

మీ వీధిలోకి ఒక కొత్త మనిషి వచ్చి కాపురం పెట్టిందనుకోండి. ఆమె భాష మీకు రాదు. మీ భాష ఆమెకు సరిగా రాదు. ఆమె తినే తిండి వేరు, కట్టే బట్ట వేరు, కొలిచే దేవుడు వేరు. పైగా మిమ్మల్ని పాలిస్తున్న వారి జాతి మనిషి. మీరు ఆమెను మీ ఇంట్లోకి పిలుస్తారా? మీ బిడ్డను ఆమె చేతికి ఇస్తారా?

వెంటనే అవునని చెప్పడం కష్టమే. సుమారు నూట పాతికేళ్ల కిందట కలకత్తా నగరంలో బాగ్‌బజార్ అనే పేటలో ఉన్న వారికి సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురయింది. (కలకత్తా నగరాన్ని 2001 నుంచి కోల్‌కతా అంటున్నాం.) ఆ ప్రశ్నకు వారు ఒక్క రోజులో జవాబు చెప్పలేదు. ఆమె ప్రతిరోజూ చేసిన చిన్న చిన్న పనులే నెమ్మదిగా ఆ జవాబును తెచ్చిపెట్టాయి. ఆ కథే ఈ పాఠం.

1. ఐర్లండు నుంచి కలకత్తాకు

సోదరి నివేదిత అసలు పేరు మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. ఆమె 1867 అక్టోబరు 28వ తేదీన ఐర్లండులోని డంగానన్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి శామ్యూల్ నోబుల్ క్రైస్తవ మత బోధకుడు. పేదల ఇళ్లకు వెళ్లి వారి బాగోగులు చూడడం ఆయన పని. చిన్ననాటి నుంచి మార్గరెట్ ఆ పనిని దగ్గరగా చూసింది. ఆమెకు పదేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు.

చదువు ముగించి, పదిహేడేళ్లకే ఆమె ఉపాధ్యాయురాలయింది. కొంతకాలం రెక్స్‌హామ్ అనే గనుల ప్రాంతంలో పనిచేసింది. అక్కడ గని కార్మికుల కుటుంబాల దారిద్ర్యాన్ని కళ్లారా చూసింది. తరువాత లండన్ దగ్గర వింబుల్డన్‌లో సొంతంగా పాఠశాల నడిపింది. పిల్లలకు పాఠాలను వల్లె వేయించడం ఆమెకు నచ్చేది కాదు. ఆటలతో, బొమ్మలతో, చేతిపనులతో పిల్లవాడే నేర్చుకోవాలన్నది ఆమె పద్ధతి.

మనసులో మాత్రం వెలితి ఉండేది. చిన్నప్పటి నుంచి నమ్మిన విషయాల మీద ఆమెకు సందేహాలు వచ్చాయి. ఆ రోజుల్లో, 1895 నవంబరులో, లండన్‌లో ఒక ఇంటి ముందుగదిలో స్వామి వివేకానంద ప్రసంగం విన్నది. ఆయన చెప్పినదాన్ని అక్కడికక్కడే ఒప్పుకోలేదు. ప్రశ్నలు వేసింది, వాదించింది, మళ్లీ మళ్లీ వచ్చి విన్నది. ప్రతి జీవిలోనూ దైవం ఉన్నదనీ, ఆకలిగొన్న వాడికి అన్నం పెట్టడం, చదువు లేని వాడికి చదువు చెప్పడం కూడా పూజేననీ స్వామి చెప్పిన మాట ఆమెకు పట్టుకుంది. మానవసేవే మాధవసేవ అని మనం చెప్పుకునే మాటకు అర్థం ఇదే కదా!

భారతదేశంలో స్త్రీల చదువు కోసం పనిచేస్తానని ఆమె అడిగింది. స్వామి ఆమెను ఊరించి పిలవలేదు. ఇక్కడి ఎండలు, పేదరికం, కుల కట్టుబాట్లు ఎలా ఉంటాయో ముందే రాసి తెలియజేశారు. తెల్లవారు ఆమెను పిచ్చిదని అనుకుంటారనీ, ఇక్కడివారు భయంతోనో ద్వేషంతోనో దూరంగా ఉంటారనీ హెచ్చరించారు. అన్నీ తెలిసే ఆమె ఓడ ఎక్కింది. 1898 జనవరి 28న కలకత్తా రేవులో దిగింది. అప్పటికి ఆమె వయసు ముప్ఫై ఏళ్లు.

2. ఒక పంక్తిలో భోజనం

అదే సంవత్సరం మార్చి 17న మార్గరెట్ మరో ఇద్దరు పాశ్చాత్య స్త్రీలతో కలిసి శారదాదేవిని చూడడానికి వెళ్లింది. శారదాదేవి శ్రీరామకృష్ణ పరమహంస ధర్మపత్ని. పల్లెటూరి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి పెరిగిన వితంతువు. ఆమెకు ఇంగ్లీషు రాదు. మార్గరెట్‌కు బెంగాలీ ఇంకా పట్టుబడలేదు. ఆ రోజుల్లో ఆచారం పాటించే ఇళ్లలో విదేశీయులతో కూర్చుని తినడం ఊహకు కూడా అందని విషయం.

శారదాదేవి వారిని బిడ్డల్లాగా దగ్గరకు తీశారు. వారితో కలిసి ఫలహారం చేశారు. ఈ విషయం తెలిసి వివేకానందులే ఆశ్చర్యపోయారు. ఇందులో చట్టం మార్చడం లేదు, ఉపన్యాసం లేదు. ఒక పెద్దావిడ ఇంటికి వచ్చిన వారితో కలిసి తిన్నది, అంతే. కాని ఆ ఒక్క పనితో మార్గరెట్‌కు ఆ పేటలో కాలు మోపడానికి చోటు దొరికింది.

మార్చి 25న స్వామి వివేకానంద ఆమెకు బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి నివేదిత అని పేరు పెట్టారు. నివేదిత అంటే సమర్పింపబడినది అని అర్థం. మనం దేవుడికి నైవేద్యం పెడతాం. ఆమె జీవితమే అలాంటి నైవేద్యం కావాలని గురువు ఉద్దేశం.

పేరు మారినంత సులువుగా మనసు మారదు. ఆ వేసవిలో హిమాలయ ప్రాంతాలకు వెళ్లినప్పుడు అల్మోరాలో గురుశిష్యుల మధ్య గట్టి ఘర్షణ జరిగింది. నివేదిత ఇంకా ఇంగ్లండు మనిషి కళ్లతోనే ఈ దేశాన్ని చూస్తూ ఉంది. తాను మేలు చేయడానికి వచ్చిన దాన్ని అన్న భావం ఆమెలో ఉంది. స్వామి దాన్ని నిర్మొహమాటంగా ఖండించారు. ఆమె చాలా బాధపడింది. కాని తిరిగి వెళ్లిపోలేదు. పైనుంచి వంగి సాయం చేయడం వేరు, పక్కన కూర్చుని కష్టం పంచుకోవడం వేరు అని ఆ రోజుల్లోనే ఆమెకు తెలిసివచ్చింది.

పాఠగత ప్రశ్నలు – 1

1. నివేదిత అసలు పేరు ఏమిటి?
2. భారతదేశానికి రాకముందే వివేకానందులు ఆమెకు ఏ హెచ్చరిక చేశారు?
3. శారదాదేవి చేసిన ఏ పని నివేదితకు బాగ్‌బజార్‌లో చోటు కల్పించింది?

3. బోస్‌పారా సందులో బడి

1898 నవంబరు 13, కాళీపూజ రోజు. మనకు దీపావళి అమావాస్య వచ్చినప్పుడే బెంగాలీలకు కాళీపూజ వస్తుంది. ఆ రోజున బాగ్‌బజార్‌లోని 16వ నంబరు బోస్‌పారా లేన్ ఇంట్లో నివేదిత బాలికల పాఠశాలను శారదాదేవి ప్రారంభించారు. లేన్ అంటే సందు. ఇరుకైన దారి, అటూ ఇటూ పాత ఇళ్లు, మధ్యలో మురుగు. తెల్లవారు ఉండే విశాలమైన వీధులు వేరే ఉన్నాయి. అక్కడ ఉండే అవకాశం ఆమెకు ఉంది. అయినా ఆ సందునే ఎంచుకుంది.

బడి తెరవగానే పిల్లలు బారులు తీరలేదు. ఆడపిల్లకు చదువెందుకు అనే కాలం అది. మన తెలుగు నాట 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచిన కందుకూరి వీరేశలింగం పంతులు గారు కూడా ఇలాంటి చిక్కులే ఎదుర్కొన్నారు. కలకత్తాలో ఇంకో చిక్కు ఉంది. బడి పెట్టింది విదేశీ స్త్రీ. తమ పిల్లల మతం మారుస్తుందేమోనని తల్లిదండ్రుల భయం.

ఆ భయాన్ని నివేదిత తప్పు పట్టలేదు. ఇంటింటికీ తానే వెళ్లింది. గడప దగ్గర ఎంతవరకు రమ్మంటే అంతవరకే వెళ్లింది. నేల మీద కూర్చోవడం, ఆచారాలు గౌరవించడం నేర్చుకుంది. పిల్లలకు బెంగాలీ, లెక్కలు, కుట్టుపని, బొమ్మలు వేయడం నేర్పింది. ఇంటి ముందు తల్లులు వేసే ముగ్గును చూసి, అది గొప్ప కళ అని పిల్లలకు చెప్పింది. తమ ఇంటి విద్యను ఒక పరదేశి గౌరవించడం చూసి తల్లుల మనసు మెత్తబడింది.

ఆ తొలి రోజుల్లోనే ఒక ఘటన జరిగింది. ఆమె ఇంటికి దగ్గరలోని ఒక గుడిసెలో చిన్న బిడ్డ చనిపోయింది. తల్లి గుండెలు బాదుకుని ఏడుస్తోంది. నివేదిత అక్కడికి వెళ్లి ఆ తల్లిని పట్టుకుని కూర్చుంది. ఓదార్చడానికి ఆమె దగ్గర మాటలు లేవు. తన బిడ్డ ఎక్కడికి పోయిందని ఆ తల్లి అడిగినప్పుడు, ఆ బిడ్డ జగన్మాత ఒడిలో, కాళికాదేవి దగ్గర ఉన్నదని చెప్పింది. ఆ మాటతో ఆ తల్లికి కొంత ఊరట కలిగింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. నివేదిత తాను చిన్నప్పుడు నేర్చుకున్న మాటలతో ఓదార్చలేదు. ఆ తల్లి నమ్మిన దేవత పేరుతో, ఆ తల్లికి అర్థమయ్యే మాటతో ఓదార్చింది. ఎదుటివారి దుఃఖాన్ని వారి భాషలోనే వినాలి, వారి భాషలోనే జవాబు చెప్పాలి.

4. ప్లేగు వచ్చిన వేసవి

1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు 1898లో కలకత్తాకు చేరింది. ఎలుకల మీద ఉండే పిడుదుల వంటి చిన్న పురుగులు, అంటే ఎలుక గోమార్లు, మనుషులను కుట్టడం వల్ల ఈ రోగం వస్తుంది. చంకల్లో, గజ్జల్లో గడ్డలు లేస్తాయి. తీవ్రమైన జ్వరం వస్తుంది. ఇప్పుడు సరైన మందులు ఉన్నాయి. అప్పుడు లేవు. రోగం వచ్చిన వారిలో చాలామంది చనిపోయేవారు. పైగా టీకాల గురించి, ప్రభుత్వ మనుషుల గురించి రకరకాల పుకార్లు పుట్టాయి. జనం ఊరు విడిచి పారిపోయారు.

1899 వేసవికి ముందు రోగం మళ్లీ తలెత్తింది. రామకృష్ణ మిషన్ మార్చి 31 నుంచి సహాయక కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ సంఘానికి నివేదిత కార్యదర్శి. స్వామి సదానంద పనివారిని వెంటబెట్టుకుని బస్తీలు శుభ్రం చేయించేవారు. ఏప్రిల్ 22న క్లాసిక్ థియేటర్‌లో జరిగిన సభలో నివేదిత విద్యార్థులను సాయం రమ్మని కోరింది. కొందరు యువకులు ముందుకు వచ్చారు.

కాని ఆమె ఉపన్యాసం కన్నా ఆమె చేతిలోని చీపురు ఎక్కువ పనిచేసింది. ఒకరోజు వీధి ఊడ్చేవారు లేకపోతే ఆమే చీపురు, గంప పట్టుకుని చెత్త ఎత్తడం మొదలుపెట్టింది. తెల్లదొరసాని తమ వీధి ఊడుస్తుంటే కిటికీల్లోంచి చూస్తున్న యువకులకు సిగ్గు వేసింది. వారూ దిగి వచ్చి చీపుర్లు పట్టారు. తరువాతి కాలంలో గొప్ప చరిత్రకారుడిగా పేరు పొందిన జదునాథ్ సర్కార్ ఆమె అలా వీధి ఊడవడం చూసి, ఆ దృశ్యాన్ని చాలాకాలం గుర్తుంచుకున్నారు.

ఆ రోజుల్లో ఆ పేటలో రోగులను చూసిన వైద్యుల్లో డాక్టర్ రాధాగోవింద కర్ ఒకరు. ఆర్.జి. కర్ వైద్య కళాశాలకు పేరు వచ్చింది ఆయన వల్లనే. ఒక మధ్యాహ్నం ఆయన రోగులను చూసి ఇంటికి వచ్చేసరికి, గుమ్మం దగ్గర దుమ్ముపట్టిన కుర్చీలో నివేదిత కూర్చుని ఉంది. ఆ ఉదయం ఆయన చూసి వచ్చిన ఒక బస్తీ పిల్లవాడి పరిస్థితి తెలుసుకోవడానికి వచ్చింది. బతకడం కష్టమనీ, రోగం అంటుకోకుండా జాగ్రత్తగా ఉండమనీ డాక్టరు చెప్పారు.

సాయంత్రం ఆయన మళ్లీ ఆ గుడిసెకు వెళ్లారు. చెమ్మగా, గాలి ఆడకుండా ఉన్న ఆ గుడిసెలో పిల్లవాడిని ఒడిలో పెట్టుకుని నివేదిత కూర్చుని ఉంది. తన ఇల్లు విడిచి రాత్రింబవళ్లు అక్కడే ఉండిపోయింది. గుడిసెకు సున్నం వేయాలంటే చిన్న నిచ్చెన ఎక్కి తానే వేసింది. పిల్లవాడు బతకడని తెలిసిన తరువాత కూడా ఆమె సేవ తగ్గలేదు. రెండు రోజులకు ఆ పిల్లవాడు ఆమె చేతుల్లోనే కన్నుమూశాడు.

ఆమె కష్టపడినా ఆ బిడ్డ దక్కలేదు. ఫలితాన్ని బట్టి చూస్తే ఆ శ్రమ వృథా అనిపించవచ్చు. కాని ఒక బిడ్డ ఒంటరిగా చనిపోలేదు. ప్లేగు పేరు చెబితే సొంతవారే దూరం జరిగే రోజుల్లో, ఆ బిడ్డను చివరి క్షణం వరకు ఒకరు ఎత్తుకున్నారు. ఆ పేట మరిచిపోలేనిది అదే.

నివేదిత దగ్గర డబ్బు ఎప్పుడూ అంతంత మాత్రమే. ఒక సమయంలో ఆమె పాలు, పండ్లతోనే గడుపుతూ ఉండేది. ఒక రోగి మందుల ఖర్చు కోసం ఆ పాలు కూడా మానుకుంది.

పాఠగత ప్రశ్నలు – 2

1. బడికి పిల్లలను పంపడానికి తల్లిదండ్రులు ఎందుకు భయపడ్డారు?
2. యువకులు చీపుర్లు పట్టడానికి కారణం ఏమిటి?
3. డాక్టర్ కర్ సాయంత్రం గుడిసెలో ఏం చూశారు?

5. ఇంటికి వచ్చిన అమ్మమ్మ

డబ్బు లేక బడి కొంతకాలం ఆగిపోయింది. నివేదిత 1899 జూన్‌లో నిధుల కోసం పడమటి దేశాలకు వెళ్లి, 1902లో తిరిగి వచ్చింది. బడిని మళ్లీ తెరిచింది. అదే ఏడాది జులై 4న వివేకానందులు పరమపదించారు. దేశ స్వాతంత్ర్యం కోసం పనిచేయాలని నివేదిత కోరిక. రాజకీయాలతో సంబంధం వద్దన్నది మిషన్ నియమం. అందుచేత ఆమె తన పని తాను విడిగా చేసుకుంటానని ప్రకటించింది. ఆ దారి వేరయినా ప్రేమాభిమానాలు మాత్రం తగ్గలేదు.

1903లో సోదరి క్రిస్టీన్ అనే మరో విదేశీ స్త్రీ ఆమెకు తోడుగా నిలిచి, గృహిణుల కోసం ప్రత్యేకంగా తరగతులు మొదలుపెట్టింది. ఇంటిపని ముగించుకుని, పిల్లల తల్లులు, వితంతువులు వచ్చి అక్షరాలు దిద్దారు, కుట్టుపని నేర్చుకున్నారు. ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది పనిపాటలు చూసుకుంటూ చదువుకుంటున్న వారే. ఆ గృహిణులు మీ వంటి వారే అని గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లోనే నివేదిత ఇంటికి ఒక వృద్ధురాలు వచ్చింది. ఆమె పేరు అఘోరమణీదేవి. అందరూ గోపాలుని తల్లి అని పిలిచేవారు. చిన్ననాటనే భర్తను పోగొట్టుకుని, కామార్‌హాటీలో గంగ ఒడ్డున బాలకృష్ణుణ్ణి కన్నబిడ్డగా కొలుస్తూ జీవితం గడిపింది. మడి, ఆచారం ఎంతో గట్టిగా పాటించిన మనిషి. ముసలితనంలో జబ్బుపడి చూసే దిక్కు లేనప్పుడు నివేదిత ఆమెను తన ఇంటికి తెచ్చుకుంది. ఆ వృద్ధురాలు కాదనలేదు. గోపాలుడు అందరిలోనూ ఉన్నాడని ఆమె నమ్మకం. అటువంటప్పుడు ఈ అమ్మాయిలో ఎందుకు ఉండడు? 1906 జులైలో చనిపోయేవరకు ఆమె నివేదిత కూతురులా చేసిన సేవ అందుకుంది.

ఇక్కడ ఇచ్చింది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు? ఆలోచించండి. ఒకరు సేవ ఇచ్చారు. మరొకరు తన జీవితమంతా పాటించిన కట్టుబాటును పక్కన పెట్టి నమ్మకం ఇచ్చారు. రెండోది చిన్న దానమేమీ కాదు.

6. చివరి రోజులు

1906లో తూర్పు బెంగాల్‌లోని బారిసాల్ ప్రాంతంలో వరదలు, కరువు వచ్చాయి. నివేదిత పడవల మీద, నీళ్లలో నడిచి పల్లెలు తిరిగింది. చూసినదాన్ని వ్యాసాలుగా రాసింది. తిరిగి వచ్చాక తీవ్రమైన జ్వరంతో మంచం పట్టింది. ఆ తరువాత ఆమె ఆరోగ్యం పూర్తిగా కోలుకోలేదు.

అయినా పని ఆపలేదు. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ గ్రంథాల రచనలో సాయపడింది. చిత్రకారులు మన ప్రాచీన కళ వైపు చూడాలని ప్రోత్సహించింది. 1906లో ఆమెను కలిసిన తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి ఆమెను గురువుగా భావించారు. తన గురువు గురించి ఆమె రాసిన పుస్తకం 1910లో వెలువడింది.

1911లో బోస్ దంపతులతో కలిసి డార్జిలింగ్ వెళ్లింది. అక్కడ రక్త విరేచనాలతో జబ్బుపడింది. తనకు ఉన్నదంతా బాలికల చదువుకే చెందాలని వీలునామా రాసింది. అక్టోబరు 13న కన్నుమూసింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్లు నిండలేదు. హిందూ సంప్రదాయం ప్రకారమే దహన సంస్కారం జరిగింది. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆమెను లోకమాత అన్నారు.

బోస్‌పారా సందులో మొదలైన ఆమె బడి నేటికీ ఆమె పేరుతో నడుస్తోంది. 2007లో హుగ్లీ నది మీద కట్టిన కొత్త వంతెనకు నివేదిత సేతు అని పేరు పెట్టారు. వంతెన రెండు ఒడ్డులను కలుపుతుంది. ఆమె చేసిన పనికి తగిన పేరే.

మీరు తెలుసుకున్న విషయాలు

• నివేదిత ఐర్లండులో పుట్టి, 1898లో కలకత్తా వచ్చి, బాగ్‌బజార్ పేటలో స్థిరపడింది.
• ప్రతి మనిషిలోనూ దైవం ఉన్నదన్న మాటను ఆమె రోజువారీ పనుల్లో ఆచరించింది.
• ఆమెను శారదాదేవి, గోపాలుని తల్లి, వీధిలోని తల్లులు తమ మనిషిగా స్వీకరించారు. ప్రేమ ఒకవైపు నుంచే రాలేదు.
• ప్లేగు రోజుల్లో ప్రాణానికి వెరవకుండా వీధులు ఊడ్చింది, రోగులకు సేవ చేసింది.

పదాలు – అర్థాలు

వెలితి = లోటు
నిర్మొహమాటంగా = మొహమాటం లేకుండా, సూటిగా
బస్తీ = పేదలు దగ్గర దగ్గరగా ఇళ్లు వేసుకుని ఉండే వాడ
వెరవకుండా = భయపడకుండా
పరమపదించు = చనిపోవు (గౌరవంగా చెప్పే మాట)

మీరు చేయండి

మీ వీధిలోకి గాని, మీరు పనిచేసే చోటికి గాని వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వారు ఉన్నారా? తాపీ పనివారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవారు, హోటల్లో పనిచేసే కుర్రవాళ్లు, ఎవరైనా సరే. వారిలో ఒకరితో మాట్లాడండి. వారి ఊరు, ఇంట్లో వారు, వారు తినే తిండి గురించి తెలుసుకోండి. వారి భాషలో మూడు మాటలు నేర్చుకోండి. తెలుసుకున్న వాటిని పది వాక్యాల్లో రాయండి.

ముగింపు ప్రశ్నలు

1. పైనుంచి వంగి సాయం చేయడానికి, పక్కన కూర్చుని కష్టం పంచుకోవడానికి తేడా ఏమిటి? నివేదిత జీవితం ఆధారంగా వివరించండి.
2. బతకడని తెలిసిన బిడ్డకు సేవ చేయడం వృథా అని మీరు అనుకుంటున్నారా? మీ అభిప్రాయం రాయండి.
3. గోపాలుని తల్లి, నివేదితల మధ్య ఏర్పడిన అనుబంధాన్ని గురించి పది వాక్యాలు రాయండి.

పాఠగత ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్నలు – 1: 1. మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 2. ఎండలు, పేదరికం, కట్టుబాట్లు ఉంటాయని, తెల్లవారూ ఇక్కడివారూ కూడా దూరంగా ఉంచవచ్చని. 3. విదేశీ స్త్రీలతో కలిసి ఫలహారం చేయడం.

ప్రశ్నలు – 2: 1. పిల్లల మతం మారుస్తుందేమోనని. 2. నివేదిత స్వయంగా వీధి ఊడవడం చూసి సిగ్గుపడడం. 3. రోగంతో ఉన్న పిల్లవాడిని నివేదిత ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉండడం.